చీర కొస పట్టిన దెయ్యం

ఆదివారం పొద్దున తాయారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటిల్లిపాదితో పాటు వాటర్ పార్కుకి వెళ్ళాలి, పుట్టింటివాళ్ళు పెట్టిన పొందూరు చీర పదిమందీ చూడాలి, సాయంత్రానికి మడత నలగకుండా శృంగవరపుకోటకి తిరిగి రావాలి. తెల్లటి చీర, దానికి బెత్తెడు ఎర్రంచు.

కారు ఊరు దాటకముందే తోడికోడలు ఈశ్వరి మొదలుపెట్టింది. కొత్తగా కాపురానికి వచ్చిన తన కోడలు రేఖకి దిష్టిబొమ్మ కథ చెప్పింది. ముప్పై ఏళ్ళ కిందట తాయారు చేలో దిష్టిబొమ్మని చూసి దొంగ అనుకుని, కెవ్వుమంటూ ఇంటిదాకా పరుగెత్తింది. అప్పటికి ఈశ్వరికి పెళ్ళే కాలేదు, ఈ ఇల్లు ఎక్కడుందో కూడా తెలియదు. అయినా పక్కనే నిలబడి చూసినట్టు చెబుతుంది.

"అక్కడ దెయ్యాల కొంప ఉన్నాదట. నానూ రేఖా ఎల్తాం. నువ్వు బయట సెప్పులు కాసుకో అక్కా," అంది ఈశ్వరి.

రేఖ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు తాయారుకి చురుక్కుమని తగిలింది. "పిరికి తాయారు" అన్న పేరు ఈశ్వరితోనే ఆగిపోతుందనుకుంది గానీ, ఆస్తిలా కోడళ్ళకి కూడా సంక్రమిస్తుందని అనుకోలేదు. ఎలాగైనా ఈ పిల్ల నోట ఆ మాట పడకూడదని మనసులో మొక్కుకుంది.

విజయనగరం దాటాక ఉన్న ఆ పార్కులో అందరూ నీళ్ళలోకి దిగారు. తాయారు గట్టు మీద చెప్పులకి కాపలా కూర్చుంది. వెనకనున్న సిమెంటు ఏనుగు అరగంటకోసారి తొండంతో నీళ్ళు చిమ్ముతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఏనుగు తన పని తాను చేసింది.

సంచిలో ఇంకో చీర ఉంది కాబట్టి పరువు దక్కింది. కానీ పొందూరు చీరని తడిమీద మడత పెడితే ఎర్రంచు రంగు తెల్లగుడ్డకి దిగుతుంది. పచ్చిక మీద ఆరేస్తే సెక్యూరిటీ అతను ఈల వేశాడు. సరేనని ఆగి ఉన్న రంగులరాట్నం కమ్మీ మీద వేసింది. అంతలో రాట్నం కదిలింది. చీర వెనక తాయారు, తాయారు వెనక ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు మూడు చుట్లు తిరిగారు.

"అమ్మా, ఇది సాకిరేవు కాదు," అన్నాడొకడు రొప్పుతూ.

"రేవైతే ఈపాటికి ఆరిపోయుండేది బాబూ," అంది తాయారు.

తడిచీర పట్టుకుని అలా నడుస్తుంటే ఒక గోడకున్న తలుపులోంచి గాలి జోరుగా తగిలింది. తలుపు మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. గాలికి ఇంగ్లీషుతో పనేముందని తాయారు లోపలికి వెళ్ళింది. నిలువెత్తు ఫ్యాను తిరుగుతోంది. దాని పక్కన జుట్టు విరబోసుకుని, ముఖానికి తెల్లగా పౌడరు పూసుకుని, ఓ అమ్మాయి నువ్వుండ కొరుకుతోంది. తాయారు గుండె ఝల్లుమంది గానీ, దెయ్యాలు నువ్వుండలు తినవని వెంటనే తోచింది.

"ఎవలమ్మాయివే?"

"శ్రీకూర్మం దగ్గరండి. శ్రావణి అంటారు. మీరిక్కడికి రాకూడదండి..."

"అయితే మనోళ్ళ పిల్లవే. ఈ కొస పట్టుకో."

ఆ వైపు ఊళ్ళల్లో తానమాడి వచ్చిన ఆడమనిషి చీర కొస చాపితే, ఎదుటి ఆడమనిషి పట్టుకుని తీరాలి. అందులో అడగడాలు, ఆలోచించడాలు ఉండవు. నెలజీతానికి దెయ్యమైనా శ్రావణి ఆ మర్యాద మరిచిపోలేదు. మిగిలిన నువ్వుండ నోట్లో కుక్కుకుని కొస పట్టుకుంది.

చీర తెరచాపలా లేచి, పక్కనున్న నల్ల తెర మీదుగా అవతల పడింది. అవతల జనం నడిచే చీకటి దారి ఉందని శ్రావణికి తెలుసు గానీ, నోటినిండా నువ్వుండ. ఇంతలో ఎవరో కేక పెట్టారు. పాపం తడి తగిలిందేమోనని తాయారు చీకట్లోకి చూసి, "బయపడకండి, సల్లగుంటాది గానీ ఏటీ సెయ్యదు," అని నచ్చజెప్పింది. దాంతో కేక పెట్టనివాళ్ళు కూడా పరుగందుకున్నారు.

నువ్వుండ మింగాక శ్రావణి చెప్పింది. "ఇది దెయ్యాల కొంపండి."

తాయారు తలుపు వైపు చూసింది. పారిపోవాలనే అనిపించింది. కానీ కొస వదిలితే అమ్మ పెట్టిన చీర నేలపాలవుతుంది. పళ్ళు బిగించి అలాగే పట్టుకుంది.

ఈలోగా లోపల నిజం దెయ్యం తిరుగుతోందని బయట పుకారు పుట్టి, టికెట్ల వరస రెండింతలైంది. చీకటి దారిలోంచి తెలిసిన గొంతు దగ్గరికొచ్చింది. "ఇలాటివి నాను సానా సూసినాను. నా ఎనకే రా, రేఖా."

బిక్కుబిక్కుమంటున్న తాయారుకి ప్రాణం లేచి వచ్చింది. "ఈశ్వరీ, వచ్చినావా? నీకోసమే సూత్తన్నాను. రావే, నువ్వూ ఓ పక్క పట్టుకో," అంది ఆప్యాయంగా. సరిగ్గా అప్పుడే చల్లటి చీర ఈశ్వరి తల మీద పడి మెడకి చుట్టుకుంది.

ఈశ్వరి పెట్టిన కేక టికెట్ల కౌంటరు దాకా వినిపించింది. కేక కంటే కాస్త వెనకగా ఈశ్వరి కూడా అక్కడికి చేరింది. రేఖ మాత్రం కదల్లేదు. ఎర్రంచు గుర్తుపట్టి తెర పక్కకి తీసింది.

"పెద్దత్తయ్యా, ఇక్కడేటి సేత్తన్నారు?"

"సీర ఆరబెట్టుకుంతన్నానే."

రేఖ ఒకసారి దెయ్యాన్ని, ఒకసారి పెద్దత్తగారిని చూసి, మూడో కొస పట్టుకుంది. గొడవేమిటని వచ్చిన మేనేజరు దేవేంద్ర తిట్టబోయి, బయట వరస చూసి ఆగాడు. "ఇంకో చీర ఏదైనా తడిసిందామ్మా?" అని వినయంగా అడిగాడు.

చీర పొడిగా ఆరింది, చుక్క రంగు దిగలేదు. తాయారు దాన్ని చక్కగా మడిచి చంకన పెట్టుకుని, ఈశ్వరి వదిలేసిన ఎడమకాలి చెప్పు చేత్తో పట్టుకుని, ఊరేగింపుగా బయటికి వచ్చింది.

"నిజం దెయ్యమే అక్కా. నన్ను పేరెట్టి పిలిసినాది," అంది ఈశ్వరి ఇంకా వణుకుతూ.

"నానేనే అది. ఇదిగో నీ సెప్పు, కాసుకోమన్నావు కదా," అంది తాయారు. ఈ ముప్పై ఏళ్ళలో ఆమెకి ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

తిరుగు ప్రయాణంలో కారంతా నవ్వుల్లో మునిగింది. కథ చెబుతున్నది రేఖ. ఈసారి చెప్పే మనిషి నిజంగానే పక్కన నిలబడి చూసింది.