శంకరప్ప ఇంట్లో డబల్ రొట్టె

ఆ ఆదివారం పొద్దున శంకరప్పకు ఒక్కటే కోరిక: డబల్ రొట్టె, అదే బ్రెడ్డు, మీగడతో తినాలి. పోయిన నెల ఆఫీసు పనిమీద హైదరాబాదు వెళ్లి ఇరానీ హోటల్లో రుచి చూశాడు. అప్పటినుంచి జొన్నరొట్టె విరిచినప్పుడల్లా ప్రాణం అటే లాగుతోంది. కాని 1974లో జహీరాబాదులో డబల్ రొట్టె తినాలంటే మనిషికి కనీసం జ్వరమైనా ఉండాలి. తాలూకా ఆఫీసు గుమాస్తా అయ్యుండి, రాయిలా ఉండి, రోగుల తిండికి ఆశపడ్డాడంటే ఇంకేమైనా ఉందా!

అయినా ఉండబట్టలేక బజారులో కొని, రొట్టెను తువ్వాలలో చుట్టుకొస్తుంటే పక్కింటి నర్సింలు వాసన పట్టేశాడు.

"ఎవరికి పానం మంచిగ లేదన్నా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గు అడ్డుపడింది. "మా బస్వమ్మకే. జర జ్వరం."

ఇంట్లో బస్వమ్మ నిక్షేపంగా వాకిలి ఊడుస్తోంది. సంగతి వినగానే చీపురు ఎత్తింది. "నీ తిండి యావకు నన్ను మంచాన పడేస్తవా?"

"జర పండుకో. నా ఇజ్జత్ పోతది!"

బతిమాలి గొంగడి కప్పాడో లేదో, ఎదురింటి దేవమ్మ డబల్ రొట్టెతో దిగింది. ఆమె వెనకే నర్సింలు, ఇంకో రొట్టెతో. రోగిని చూడటానికి ఒట్టిచేతులతో ఎవరొస్తారు? పదింటికల్లా గూట్లో పదకొండు రొట్టెలు చేరాయి. రొట్టెలతోపాటు జబ్బూ పెరిగింది. వాడ చివరికి చేరేసరికి జ్వరం కాస్తా టైఫాయిడైంది. మధ్యాహ్నం బస్సుకు కోహీర్ నుంచి బస్వమ్మ తల్లి నారమ్మ ఏడ్చుకుంటూ వచ్చింది, రెండు రొట్టెలతో.

"తిను బిడ్డా, నా ముందర తిను" అని మీగడ అద్ది నోట్లో పెట్టింది. బస్వమ్మ మొదటి ముక్క కోపంగా నమిలింది. రెండోది కోపం లేకుండా నమిలింది. మూడోదానికి తానే నోరు తెరిచింది.

శంకరప్ప గుటకలు మింగాడు. "నాకు గూడ ఒక ముక్క..."

"మంచిగున్నోళ్లు తినేదా అల్లుడా ఇది? కూసో, జొన్నరొట్టె చేసిపెడత."

మీగడ గిన్నె అడుగు కనబడుతోంది. శంకరప్పకు దుఃఖం పొంగుకొచ్చింది. పరువు గంగలో కలిస్తే కలవనీ అనుకున్నాడు.

"దానికి ఏ రోగం లేదు! తినాలని నాకే ఉండె! మంచిగున్న నాకే!"

నారమ్మ చప్పున లేచి అల్లుడి నుదుటిమీద చెయ్యేసింది.

"అయ్యో, ఎట్లెట్లనో మాట్లాడుతున్నడు! ఈయనకు గూడ అంటింది! పట్టున్రి, పండుకోబెట్టున్రి!"

చూడవచ్చిన వాడవాళ్లు నలుగురూ ఎత్తి పెళ్లాం పక్కన పడేశారు. గొంగడి కప్పారు. దేవమ్మ పరుగున పోయి తన ఇంటి మీగడ తెచ్చింది. శంకరప్ప కళ్లు మూసుకుని, కడుపారా రోగిష్టివాడయ్యాడు. నర్సింలు ఆ మంచంవంకే రెప్పవాల్చకుండా చూస్తూ నిలబడ్డాడు.

మరుసటి ఆదివారం ఆ వాడలో ఏడుగురికి జ్వరమొచ్చింది. దవాఖానకు మాత్రం ఒక్కరూ పోలేదు.