తొమ్మిది డబ్బాల లిపి

పుంగనూరు మునిచంద్ర జీవితంలో ఒక్కసారే విమానం ఎక్కాడు. థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం కలిపి వారం రోజుల ప్యాకేజీ. అక్కడ గుళ్ళు చూశాడో లేదో గానీ బోర్డులు మాత్రం తనివితీరా చూశాడు. థాయ్ అక్షరం తలమీద చిన్న సున్నా చుట్టుకుని ఉంటుందనీ, కంబోడియా అక్షరం తల దువ్వుకోనట్టుంటుందనీ, వియత్నాం వాళ్ళు ఏబీసీడీలకే టోపీలు పెట్టారనీ టీ కొట్టు దగ్గర దొరికినవాడికల్లా చెప్పేవాడు. వాటిలో ఒక్కటీ తాను చదవలేనన్న సంగతి ఎవరికీ తెలియదని అతని నమ్మకం. ఊళ్ళో ‘అక్షరాల మునిచంద్ర’ అని పేరు పడింది. ఆ పేరంటే అతనికి ప్రాణం.

ఆ బుధవారం పొద్దున అతను వేసుకున్న పథకం చిన్నదే. కుప్పంలో ఉద్యోగం చేస్తున్న కూతురు సౌమ్య, జార్జియా దేశం నుంచి వచ్చిన నీనో అనే పశువైద్యురాలికి వాళ్ళ పుంగనూరు పొట్టి ఆవును చూపించడానికి మర్నాడు తీసుకొస్తానంది. ఆమెకు వాళ్ళ లిపిలోనే నమస్కారం చెబుతూ గుమ్మం ముందు ఫ్లెక్సీ కట్టాలి. మదనపల్లెలో ఫ్లెక్సీల షాపున్న మేనల్లుడు మురళికి ఆ మాటను సౌమ్యే ఫోన్లో పంపింది. మధ్యాహ్నం మురళి మామకు ఫోన్ చేశాడు.

"మామా, సౌమ్య పంపింది నా కంప్యూటర్లో ఎక్కిస్తే అన్నీ కాళీ డబ్బాలే వస్తాండాయి. తొమ్మిది ఉండాయి. సౌమ్యనొకసారి అడిగేదా?"

జార్జియా అక్షరం ఎలా ఉంటుందో మునిచంద్రకు తెలియదు. తెలియదని చెప్పడం అంతకంటే తెలియదు.

"నేనుండంగా ఆ బిడ్డనడిగేదేందిరా. ఆ దేశం రాత అట్లనే ఉంటాది. సలి దేశం గదా, గాలి దూరకుండా నాలుగు పక్కలా మూసి రాస్తారు. ఎట్లొచ్చిందో అట్లనే కొట్టు."

సాయంత్రానికి ఫ్లెక్సీ వచ్చింది. ఒక పక్క చేతులు జోడించిన మునిచంద్ర, ఇంకో పక్క ఆవు, నడుమ ఒకే వరసలో తొమ్మిది ఖాళీ డబ్బాలు. మరీ బోసిగా ఉందని మురళి వాటి కింద పొడవునా నల్ల పట్టీ ఒకటి వేశాడు. అలవాటు కొద్దీ అడుగున మామ ఫోన్ నంబరు కూడా పెద్దగా అచ్చేశాడు.

"ఇదేంది, తొక్కుడుబిళ్ళ ఆడేదానికి గీసినట్టుండాది," అంది భార్య కమలాక్షి.

"సదువుకోనోళ్ళకి అట్లనే కనిపిస్తాది," అని మునిచంద్ర ఫ్లెక్సీ ఫోటో తీసి, ‘రేపు మన ఇంటికి ఫారిన్ పార్టీ వస్తాండాది’ అని రాసి బంధువుల గ్రూపులో పెట్టాడు.

ఆ ఫోటో రాత్రికి రాత్రే ఎన్ని గ్రూపులు దాటిందో గానీ, మర్నాడు కాఫీ తాగకముందే ఫోన్లు మొదలయ్యాయి.

"అన్నా, లేఔటు యాడ ఉండాది?" అన్నాడొకడు. "తూర్పు ముఖానివి ఏమన్నా మిగిలిండాయా?" అన్నాడింకొకడు. మూడోవాడు అన్నిటికీ సిద్ధపడే చేసినట్టున్నాడు. "ప్లాటు కొంటే ఆవు ఫ్రీనా, దానికి వేరేగా కట్టాల్నా?"

మునిచంద్ర బయటికి పోయి ఫ్లెక్సీని కొత్త కళ్ళతో చూశాడు. తొమ్మిది ప్లాట్లు, ముందర తారు రోడ్డు. ఇంక వేరేగా చూద్దామన్నా కనిపించలేదు.

అంతలో పెద్దపంజాణి నుంచి అన్న మునిస్వామి ఇద్దరు పెద్దమనుషులతో ఆటో దిగాడు. తండ్రి వదిలిపోయిన మామిడితోట అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిది.

"నాయన తోటను నాకు సెప్పకుండా తొమ్మిది ముక్కలు సేసినావే, యాలరా? ఫారిన్ పార్టీకి అమ్మేదానికా?"

"అన్నా, అవి ప్లాట్లు కాదు. జార్జియా అక్షరాలు."

"అక్షరాలకు రోడ్డు యాల ఏసినావు?"

మునిచంద్ర ఆ నల్ల పట్టీని అరచేత్తో మూయబోయాడు. ఇంతలో కారొచ్చి ఆగి, సౌమ్య, నీనో దిగారు.

"ఇదో, ఆ దేశం ఆమే వచ్చింది," అన్నాడు మునిస్వామి. "ఆమె సదివితే నోరు మూసుకోని పోతా. సదవలేదా, ఈ పొద్దుతో నాకు తమ్ముడు లేడు."

నీనో ఫ్లెక్సీని చాలాసేపు శ్రద్ధగా చూసి సౌమ్యతో ఇంగ్లీషులో ఏదో అంది.

"నాన్నా, కుప్పం నుంచి వచ్చే దోవలో తెలుగు బోర్డులు, తమిళం బోర్డులు, కన్నడ బోర్డులు సూసిందంట. ఈ నాలుగోది మీలో ఎవురిది, నాకూ నేర్పిస్తారా అని అడగతాండాది."

మునిస్వామి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఆటో వైపు నడిచాడు. గేటు దగ్గర టీ కొట్టు జనమంతా నిలబడి చూస్తున్నారు. మునిచంద్ర వాళ్ళ వైపు ఒకసారి, అన్న వీపు వైపు ఒకసారి చూశాడు.

"అన్నా, పోవద్దు. నాకు జార్జియా రాత తెలీదు. థాయ్‌ది తెలీదు, కంబోడియాది తెలీదు, ఒక్కటీ తెలీదు. మురళి కంప్యూటర్లో ఆ అక్షరాలు లేక డబ్బాలొస్తే, అదే రాత అనేసినా."

 అంత సిగ్గు అతనికి ఎన్నడూ వేయలేదు. సౌమ్య తాను పంపిన మాటను ఫోన్లో పెదనాన్నకు చూపించింది. తొమ్మిది అక్షరాలు, గుండ్రంగా, మన అక్షరాలకు దూరపు చుట్టాల్లాగున్నాయి.

"నాయన బతికుంటే ఈ తొమ్మిదీ నీ ఈపు మీద రాసుండును," అని మునిస్వామి వెనక్కి తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నీకు సదవను రాదని మాకెప్పుడో తెలుసులేప్పా," అన్నాడు గేటు దగ్గర టీ కొట్టు నాగరాజు. "సెప్పే తీరు బాగుంటాదని వింటా ఉండేది."

కమలాక్షి అందరికీ కాఫీ ఇచ్చింది. నీనో ఆవు పక్కన నేలమీదే కూర్చుని ఫోటోలు దిగుతోంది. మునిచంద్ర ఫోన్ మోగుతూనే ఉంది.

"నిజంగా ఇంతమంది అడగతాండారా?" అన్నాడు మునిస్వామి.

"పొద్దున్నించీ ఇదే పని అన్నా."

మునిస్వామి కాఫీ తాగడం ముగించి ఫ్లెక్సీలోని చివరి డబ్బా వైపు వేలు చూపించాడు.

"ఆ మూల ప్లాటు మాత్రం ఎవురికీ మాటియ్యాకు," అన్నాడు.