చెరువులో మూడు శిఖరాలు

యలమందయ్యకు కోటప్పకొండ మీద హఠాత్తుగా ప్రేమ పుట్టడానికి కారణం భక్తి కాదు, మిరపకాయల కొట్టు వాళ్ళు వేయబోతున్న ఉగాది క్యాలెండరు. నరసరావుపేటలో ఫోటో స్టూడియో పెట్టుకున్న హయాత్ ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. కొట్టు షావుకారు మంచి కొండ ఫోటో కోసం వెతుకుతున్నాడనీ, నచ్చితే తీసినవాడి పేరు కూడా కింద వేస్తాడనీ హయాత్ నోరు జారాడు. ఆ సాయంత్రమే హయాత్ డబ్బా కెమెరా ఊళ్ళోకి వచ్చింది. దాన్ని మెడలో వేసుకుని యలమందయ్య కూడా వచ్చాడు.

భార్య కోటిరత్నం కెమెరాను చూసి సంబరపడింది. కూతుర్ని చూసిపోదామని వచ్చిన ఆవిడ తల్లి ఇంట్లోనే ఉంది. జుట్టు నెరిసిపోయినా ఆ తల్లికి ఇంతవరకు ఒక్క ఫోటో లేదు.

"మా అమ్మకూ నాకూ కలిపి ఒకటి తీయండి."

"రీలుకు ఎనిమిదే. ఎనిమిదీ కొండకే."

"కొండ ఎక్కడికీ పోదు కదండీ. మా అమ్మ ఎల్లుండి వెళ్ళిపోతుంది."

"మీ అమ్మ మొహం క్యాలెండరు మీద ఉంటే ఉగాది పచ్చడి తినకముందే జనం గోడ మీంచి పీకేస్తారు."

కోటిరత్నం మారు మాట్లాడలేదు. ఆవిడ మారు మాట్లాడకపోతే ప్రమాదమని ఇన్నేళ్ళ కాపురంలో యలమందయ్య ఇంకా నేర్చుకోలేదు.

మర్నాడు పొద్దున్నే చెరువు దగ్గరికి పరుగెత్తాడు. గాలి లేదు. నీళ్ళలో కొండ మూడు శిఖరాలూ తలకిందులుగా, చెరిగిపోకుండా నిలబడి ఉన్నాయి.

ఆ కెమెరాను బొడ్డు దగ్గర పట్టుకుని పైనుంచి తొంగి చూడాలి. అందులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. కొండను మధ్యకు తెద్దామని ఆయన ఒక పక్కకు తిరిగితే అది రెండో పక్కకు పారిపోయేది. మొదటి ఫోటో తూముకు దక్కింది. రెండోది గేదెకు. మూడోదానికి మోకాలి లోతు నీళ్ళలోకి దిగేసరికి, అలలు లేచి మూడు శిఖరాలు ముప్ఫై అయ్యాయి. ఆ తర్వాతివాటిలో ఒకటి ఆయన బొటనవేలికే పోయింది.

ఆఖరికి ఒక్కటి మిగిలింది.

ఒడ్డున మెరక మీద వాళ్ళ మిరపకల్లం ఉంది. కోటిరత్నం, తల్లి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. అక్కడినుంచి కొండ అద్భుతంగా కనిపించింది. యలమందయ్య ఎండుకాయల్లో మోకాళ్ళ మీద కూలబడి, చేతులతో కాయలు పక్కకు తోసి, ఆ ఆనందంలో చెమట తుడుచుకుంటూ అవే చేతులతో రెండు కళ్ళూ రుద్దుకున్నాడు. మిరప చేల మధ్య పుట్టిన పసివాడైనా చేయని పని అది.

ఆయన కేకకు చెరువులో కొంగలన్నీ లేచిపోయాయి. కోటిరత్నం బిందె నీళ్ళూ ఆయన కళ్ళకే పోసింది. అయినా అవి తెరుచుకోలేదు. ఇవాళ బస్సుకే రీలు హయాత్‌కు పంపాలనీ, తన పేరు గంగలో కలిసిపోయిందనీ ఆయన గోల పెట్టాడు.

"నేను తిప్పి నిలబెడతాను, మీరు నొక్కండి," అంటూ కోటిరత్నం ఆయన భుజాలు పట్టుకుని తిప్పింది.

"మూడు శిఖరాలూ వచ్చాయా?"

"వచ్చాయి. ఉండండి, అడ్డంగా గేదె వస్తోంది. తోలేసి చెబుతాను."

గేదె చాలా మొండిదిలా ఉంది. అది కదిలేలోగా చీర దులుపుకుంటున్న చప్పుడూ, గాజుల చప్పుడూ, అత్తగారి కిసకిసలూ వినిపించాయి. గేదెను చూసి నవ్వడమేమిటో ఆయనకు అర్థం కాలేదు. కళ్ళు మండేవాడికి బుర్ర పనిచేయదు.

"ఊఁ, నొక్కండి."

నొక్కాడు.

కొన్నాళ్ళకు హయాత్ షావుకారునే వెంటబెట్టుకుని వచ్చి, రంగులద్దిన ఫోటో చేతికిచ్చాడు. ఎర్రటి మిరపకాయల రాశి పక్కన కోటిరత్నం, ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్న అత్తగారు. ఇద్దరి తలల మధ్య, చెరువు అవతల, ఆవగింజలంత మూడు శిఖరాలు. శిఖరాల విషయంలో కోటిరత్నం అబద్ధమైతే చెప్పలేదు.

షావుకారు మురిసిపోతున్నాడు. కొండను ఎవడైనా తీస్తాడనీ, సరుకు పక్కన ఇంత కళగల మనుషులను నిలబెట్టాలని ఎవరికి తోస్తుందనీ, ఆ పెద్దావిడ నవ్వే తన కొట్టుకు లక్ష్మి అనీ పొగిడాడు.

"అసలు ఎలా తీశారండీ యలమందయ్యగారూ?"

ఆయన నోరు తెరిచేలోగా కాఫీ గ్లాసులు అందిస్తున్న కోటిరత్నమే జవాబు చెప్పింది.

"కళ్ళు మూసుకుని ఆ కొండ మీది కోటయ్యస్వామిని తలుచుకున్నారండీ."