పురటాసి దాటిన గుడ్లు

పెళ్ళయిన కొత్తలో పుట్టిన సందేహం ఒకటి సుగుమారన్‌ను ఇప్పటికీ వదలలేదు. కోడిగుడ్లు ఉడికే గిన్నె ముందు నిలబడి గోవింద నామాలు చదవవచ్చా?

చదివేది అతని భార్య ప్రేమిల. మరిగే నీళ్ళలోకి గుడ్లు జార్చగానే మొదలుపెడుతుంది. నామాలు పూర్తయ్యేసరికి పొయ్యి ఆపుతుంది. ఆ గుడ్లు ఒలిస్తే ముత్యాల్లా ఉంటాయి. సుగుమారన్‌కు తినేటప్పుడు ఆనందం, తిన్నాక భయం. స్వామి పేరును వంటింటి గడియారంగా వాడుకుంటే స్వామి ఏమనుకుంటాడు?

మలేసియాలో వాళ్ళుండే తెలుక్ ఇంటాన్‌లో గుడి ఉంది, గుడిలో పూజారి ఉన్నాడు, అడగవచ్చు. కానీ తను ఒక మాట అడిగితే ఆయనా ఒక మాట అడుగుతాడు: "తలనీలాల సంగతేమైంది?"

అదీ చిక్కు. కారు లైసెన్సు పరీక్ష తప్పీ తప్పీ విసిగిపోయిన రోజుల్లో, పాసైతే జుట్టు ఇచ్చుకుంటానని సుగుమారన్ ఆ పూజారి ఎదుటే వెంకన్నకు మొక్కుకున్నాడు. పాసయ్యాడు. అంతలో పెళ్ళిచూపులు అడ్డొచ్చాయి. ఆ తర్వాత పెళ్ళి. ఆ తర్వాత, ఐసీ అనే గుర్తింపు కార్డులో ఫోటోకీ తనకూ పోలిక ఉండదేమోనన్న బెంగ. ఇప్పుడు కూతురు చందన కారు నేర్చుకుంటోంది. నాన్న జుట్టు మాత్రం నుదుటి మీద అలలా లేచి అలాగే ఉంది. దానికి తోడు జేబులో దువ్వెన.

పురటాసి నెల అయిపోయిన ఆదివారం అది. వెంకన్న నెల కాబట్టి ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో గుడ్డు మాటే లేదు. ప్రేమిల పొద్దుటి ఫలహారం నాసి లెమాక్‌కి కొబ్బరిపాల అన్నం వండి, ఎండుమిరప ముద్దతో సంబల్ చేసి దించి, ఫ్రిజ్‌లోంచి గుడ్లు తీసి చన్నీళ్ళ గిన్నెలో వేసింది.

"అయ్యెప్పటివి?" అన్నాడు సుగుమారన్.

"పురటాసికి ముందు కొన్నాను."

"ఓలమ్మో! ఈపాటికి వాటికి మనవలు పుట్టాల."

"ఫ్రిజ్‌లో ఎవులికి పుడతారండీ? సూడండి, అడుగునే ఉన్నాయి. పైకి తేలితే నానే పారేద్దును."

"ముసలి గుడ్లు. నువ్వు గోవిందా అంటే లేచి కూకుంటాయి కాబోలు. తాజా గుడ్డుకి ఏ నామమూ అక్కర్లేదు. ఫోన్లో టైమరు సాలు."

ప్రేమిల చేతిలో గరిటె పక్కన పెట్టింది. "పందెమా?"

"పందెమే. నా గుడ్లు నున్నగా వస్తే, పొయ్యి కాడ నామాలు బంద్."

"రాకపోతే?"

"నువ్వేటంటే అదే."

"అయితే ఎంకన్న బాకీ. ఇయాలే."

సుగుమారన్ చెయ్యి తనంతట తానే జుట్టు మీదికి వెళ్ళింది. వెనక్కి తగ్గుదామనుకునేలోపు చందన అందుకుంది: "నేను విట్నెస్, నాన్నా!"

పక్కింటి వెనక కోళ్ళగూడు ఉంది. దాని యజమాని గూగుల్ ముత్తుసామి. అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెబుతాడు గనక వీధి వీధంతా ఆ పేరు పెట్టింది.

"మామా, ఉన్నవాటిలో తాజావి ఇవ్వు."

"ఇప్పుడే పెట్టింది, లా! ఎచ్చగుంది సూడు." ప్రతి మాట చివరా 'లా' తగిలించే ముత్తుసామి ఆ రోజు మరో మాట కలపలేదు. ఫలహారం దొరుకుతుందని వెంట మాత్రం వచ్చాడు.

రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు. నీళ్ళు మరిగాక ఇద్దరూ గుడ్లు జార్చారు. ఆమె నామాలు మొదలెట్టింది, అతను టైమరు నొక్కాడు. ఆఖరి గోవిందా, ఫోను మోతా ఒకేసారి వినిపించాయి. సుగుమారన్ కాస్త జంకాడు. ఇద్దరూ గుడ్లను ఐసు నీళ్ళలో వేశారు.

ప్రేమిల గుడ్డును బల్ల మీద తట్టి, అరచేతి కింద దొర్లించింది. పెంకు చొక్కా విప్పినట్టు వచ్చేసింది.

సుగుమారన్ తట్టాడు. పెంకు వచ్చింది, దానితోపాటు సగం తెల్లసొన వచ్చింది.

"మొదటిది దిష్టి," అన్నాడు.

రెండోదాన్ని చెంచాతో పెకలించబోయాడు. అది వేళ్ళ మధ్య నుంచి జారి ముత్తుసామి కప్పులోని కొప్పి కాఫీలో మునిగింది. మూడోదాన్ని టిఫిన్ డబ్బాలో వేసి, మూతపెట్టి, గుడిలో డోలు వాయించినంత గట్టిగా ఊపాడు. మూత తీస్తే గుడ్డు లేదు, పచ్చడి ఉంది.

"మామా, ఇవి మంచివేనా?"

"మంచివే. అదే తంటా, లా. కొత్త గుడ్డు పెంకుని వదలదు. పాతబడితే నున్నగా ఊడిపోతాది."

"మరి ముందే సెప్పకపోయినావా? అడగనివి కూడా సెప్తావు కదా!"

ముత్తుసామి కొప్పిలో గుడ్డును వెతుకుతూ గొణిగాడు: "నువ్వు గుమ్మం దిగకముందే ప్రేమిల ఫోన్ సేసింది. ఈ ఒక్కపూట నోరు మూసుకోమంది, లా."

సుగుమారన్ భార్యవైపు తిరిగాడు. ఆమె సంబల్ వడ్డిస్తోంది.

"తినండి. గుడి మధ్యాన్నం మూసేస్తారు."

గుడి పక్కన మంగలి కత్తి నూరుతున్నాడు. పూజారి సుగుమారన్‌ను చూశాడు, దువ్వెనను చూశాడు, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయాడు. నుదుటి మీది జుట్టు అల మొత్తం ఒడిలో పడుతుండగా సుగుమారన్ తల వంచుకునే తన పాత సందేహం బయటపెట్టాడు.

"ప్రేమిలా, గుడ్లకి టైము సూడ్డానికి సామి పేరు వాడొచ్చా? తప్పు కాదా?"

"గుడ్లకా? పొయ్యి పైన గోడకి గడియారం ఉంది కదండీ."

"మరి ఆ నామాలు?"

"మీకోసం. బాకీ మర్సిపోలేదు సామీ, కొంచెం ఓపిక పట్టు అని. మిగతా వంటలప్పుడు నాకు నిలబడే తీరికేదీ?"

మంగలి నీళ్ళు పోశాడు. ప్రేమిల గుండుకి చందనం రాసి, ఒకసారి కళ్ళు మూసుకుంది. ఈసారి ఓపిక పట్టమని అడగలేదు.

చందన చుట్టూ తిరిగి చూసి, వేలితో తట్టింది.

"పాత గుడ్డు కదమ్మా. నున్నగా వచ్చింది."