రాతి రాక్షసుడు, పొడుగుచెవుల రాకుమారుడు

ఇస్త్రీబండి ఆయన నా చొక్కాలు తిరిగిస్తూ, "నేనన్నానని అనకండి, మీ పక్కింటి రేడియో పిన్ని చెప్పింది" అని మొదలుపెట్టాడు. ఆవిడకు ఆ పేరు ఊరికే రాలేదు. ప్రసారాలకు విరామం లేదు, ఆపడానికి మీటా లేదు.

మా ఆవిడ రోజూ సాయంత్రం బాల్కనీలో నిలబడి ఫోన్లో ఒకటే నవ్వులట. నవ్వితే నవ్వింది, "రాకుమారా, నువ్వు లేకపోతే నేనా వంతెన దాటలేను. ఆదివారం తప్పకుండా రావాలి" అందట.

ఇన్నేళ్ళ కాపురంలో నన్ను "ఏవండీ" దగ్గరనుంచి ఒక్క మెట్టు పైకి ఎక్కించలేదు. వాడెవడో ఏకంగా రాకుమారుడు. చేతిలో ఉన్న చొక్కాల కంటే నా ఒళ్ళే ఎక్కువ వేడెక్కింది.

నాది తాళాల కొట్టు. ఎవరింటి తాళమైనా చిటికెలో తీస్తాను, మా ఆవిడ గుట్టు తప్ప. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పగలంతా జనానికి గుచ్చగా మిగిలిన సూదులు ఇంటికి తెస్తుంది.

"ఎవరా రాకుమారుడు?" అన్నాను చొక్కాలు మంచమ్మీద పడేసి.

"ఆటలో మా జట్టు. ఆదివారాలు బైండింగు షాపు మేడమీద ఆడుతున్నాం. చెప్పాగా."

"ఎప్పుడు చెప్పావు?"

"మీరు 'ఊ' అన్నప్పుడు."

"అసలు మనిషెవరు?"

"అదీ చెప్పా. దానికీ 'ఊ' అన్నారు. రెండోసారి చెప్పను, నా గొంతేం దారిన పడి దొరికింది కాదు."

"వాడిలో ఏం చూసి అంత మురిసిపోతున్నావు?"

"చెవులు" అని, ఒక లావుపాటి పుస్తకం నా ఒళ్ళో పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అది జాతుల పుస్తకం. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక జాతిని అందులోంచి ఎంచుకుని, ఆ జాతివాళ్ళలాగే మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడుపుతారట. మా ఆవిడది పొట్టి కమ్మరిజాతి. గుహల్లో సుత్తి పట్టుకుని తిరుగుతుంది. ఇంట్లో రోజూ చూస్తున్నదే కనక నాకేం వింత అనిపించలేదు. వాడిదేమో అడవుల్లో ఉండే పొడుగుచెవుల జాతి. ఆకు రాలినా వినిపిస్తుందట. అదీ ఒక అర్హతేనా? మా గోడమీది పిల్లికీ వినిపిస్తుంది.

మర్నాడు కొట్లో కూర్చుని వాణ్ణి తన్నగల జాతికోసం వెతికాను. రాతి రాక్షసుడు దొరికాడు. రెండు తలుపులంత ఎత్తు. గుద్దితే కోట కూలుతుంది. ఆ పేజీ చదివి పుస్తకం మూసేశాను. సంతలో మూపురం చూసి మురిసిపోయినవాడు ఎద్దు కాళ్ళు చూస్తాడా?

ఇక గర్జన సాధన. తాళంచెవి చేయించుకోడానికొచ్చిన డ్రిల్లు మాస్టారు నా రెండో గర్జనకి పాత తాళంచెవి కూడా వదిలేసి వెళ్ళిపోయాడు. నాకు ధైర్యం వచ్చింది.

ఆదివారం ఆ మేడెక్కాను. గది నిండా జిగురు వాసన. ఆట నడిపే బైండింగాయన్ని అందరూ సూత్రధారీ అంటున్నారు. పిల్లి జాతి తీసుకున్న కాంపౌండరు ఒక మూల గోళ్ళు చూసుకుంటున్నాడు. మా ఆవిడ పక్క కుర్చీ ఖాళీ. రాకుమారుడు ఇంకా రాలేదట.

"నేను రాతి రాక్షసుణ్ణి" అని గర్జించాను. "ఆ చెవులవాడు రాగానే వాణ్ణి ద్వంద్వయుద్ధానికి పిలుస్తున్నా."

మా ఆవిడ కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నా శౌర్యం చూసే అనుకున్నాను.

"అలాగే, ముందు కూర్చోండి రాక్షసుడుగారూ" అంది. ఎంత మర్యాదో. కూర్చున్నాను.

సూత్రధారి తాపీగా పుస్తకంలో పేజీ తిప్పాడు. "రాతి రాక్షసుడు కూర్చుంటే శిల అయిపోతాడు. సొంతవాళ్ళు లెమ్మని పిలిచేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు."

నేను నోరు తెరవబోయాను.

"శిల" అన్నాడు కాంపౌండరు, వేలు చూపిస్తూ.

"కొత్తగా నేర్చుకోడానికేం లేదులెండి" అంది మా ఆవిడ. "భోజనం అయ్యాక ఆదివారాలు ఇదే కదా."

శిలంటే అందరికీ లోకువే. కాంపౌండరు తన గొడుగు నా భుజానికి తగిలించాడు. మా ఆవిడ తన సంచీ ఒళ్ళో పెట్టింది. సూత్రధారి టీ గ్లాసు నా మోకాలి మీద పెట్టి, "కదలకపోతే ఒలకదు" అని సలహా కూడా ఇచ్చాడు. ఇంతలో కథలో తోడేళ్ళు వచ్చాయి, కమ్మరి వంతెన దగ్గర చిక్కుకుంది. కోటలు కూల్చే పిడికిలి నాది, ముక్కు గోక్కునే హక్కు లేదు.

మెట్లమీద అడుగులు వినపడ్డాయి. రాకుమారుడు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతున్నాడు. తలుపు తెరుచుకుంది.

ఆకుపచ్చ ఉన్ని టోపీ, చేతిలో కర్ర, మోకాలికి పట్టీ. రెండు వీధుల అవతల మా తమ్ముడింట్లో ఉండే మా అమ్మ.

"అమ్మా, నువ్వా!" అని లేచాను. గ్లాసు, గొడుగు, సంచీ మూడూ మూడు దిక్కులకు పోయాయి. టీ పోయి సూత్రధారి పాచికల మీద పడింది.

"రాయి మాట్లాడింది" అన్నాడు కాంపౌండరు.

"మా వాడే" అంది అమ్మ ఖాళీ కుర్చీలో సర్దుకుంటూ. "ఏరా, నేనిక్కడికొస్తున్నానని ఫోన్లో చెప్పానుగా, కొత్తేమిటి?"

"ఏమన్నారత్తయ్యా?"

"'ఊ' అన్నాడమ్మాయ్."

అత్తాకోడళ్ళు ఒకరి భుజంమీద ఒకరు వాలి నవ్వారు. మా ఆవిడ అలా నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో. ఈ నవ్వు కోసమే కదా ఇంత దూరం వచ్చాను, అది నాకు తప్ప అందరికీ దొరికింది. తుడుపుగుడ్డ మాత్రం నాకు దొరికింది.

నిబంధన తప్పినందుకు మళ్ళీ శిలగా కూర్చోమన్నాడు సూత్రధారి. సొంతవాళ్ళెవరైనా పిలిస్తే లేవచ్చట. ఆశగా ఇద్దర్నీ చూశాను.

"ఉండనిద్దాం అత్తయ్యా, వంతెనకి ఒక స్తంభం తక్కువైంది" అంది మా ఆవిడ.

"నిలకడైన స్తంభమేలే" అంది అమ్మ.

తోడేళ్ళు, కమ్మరి, రాకుమారుడు, ఆఖరికి పిల్లి కూడా నా మీదుగా అవతలికి దాటారు. ఆట ముగిసి టోపీ తీస్తున్న అమ్మను, ఉక్రోషం ఆపుకోలేక అడిగేశాను.

"పుస్తకం నిండా అన్ని జాతులుండగా, ఏరి కోరి ఆ చెవుల జాతే ఎందుకమ్మా?"

"మనింటి మగాళ్ళలో ఆ జాతి లేదు కదరా."