పార్టీ గడిలో పిరోగీలు

శుక్రవారం పొద్దున్నే డొలొరెస్ చర్చి హాలులో బల్ల వేసుకుని, ఓటరు నమోదు దరఖాస్తులు, పెన్నుల డబ్బా సర్దుకుంది. గడువు సోమవారమే. ఇక బల్ల వేయడానికి ఇదే ఆఖరి రోజు. ఎన్నికలొస్తే చాలు, పెన్సిల్వేనియా ఎటు మొగ్గుతుందా అని దేశమంతా గోళ్ళు కొరుక్కుంటుంది. మూడు వారాల్లో ఈవిడ బల్ల వైపు మొగ్గినవాళ్ళు మాత్రం ముగ్గురే.

వెనక వంటింట్లో పిరోగీల రాజ్యం ఆవిడ వదిన వెర్నాది. బంగాళాదుంప కూరి ఆవిడ చేసే, కజ్జికాయల్లాంటి ఆ పిరోగీల కోసం ఊరంతా వరస కడుతుంది. డెబ్బై రెండేళ్ళొచ్చినా ఒక్కసారీ ఓటు వేయని మనిషి. వదిన చేత సంతకం పెట్టించాలన్నది డొలొరెస్ పంతం.

"ఏమే, ఇవాళైనా బోణీ అయిందా?" అంటూ వెర్నా పిండి చేతులతో వచ్చింది.

"ఇరవై మందిని చేర్పిస్తే నువ్వూ సంతకం పెడతావా వదినా?"

"పెడతా. చేర్పించలేకపోతే క్రిస్మస్ దాకా నా ఉల్లిపాయలన్నీ నువ్వే తరగాలి."

డొలొరెస్ అలా కాఫీకి వెళ్ళిందో లేదో, పిరోగీల జనం లోపలికొచ్చారు. వెర్నా ఆర్డరు కాగితాలు ఇంట్లో మరిచిపోయిందని వాళ్ళకేం తెలుసు? బల్ల మీదున్నవి తీసుకుని పేరు, చిరునామా రాశారు. సోషల్ సెక్యూరిటీ కార్డు నంబరులో చివరి నాలుగంకెలు అడిగితే, కిందటిసారి పొట్లాలు తారుమారయ్యాయి కాబట్టి కాబోలనుకుని అవీ రాశారు. ఓటరు తనది ఏ రాజకీయ పార్టీయో రాయాల్సిన 'పార్టీ' అన్న గడి దగ్గర మాత్రం ఎవరూ తడుముకోలేదు.

డొలొరెస్ తిరిగొచ్చేసరికి అరవై మంది తలొంచుకుని రాస్తున్నారు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఒక కాగితం తీసి చదివింది. పార్టీ: మనవరాలి పెళ్ళి, రెండు వందల మంది. ఇంకోటి తీసింది. పార్టీ: ఏం లేదు, ఇంట్లోకే.

ఈలోగా కొన్ని కాగితాలు వంటింటికి చేరాయి. నాలుగంకెల గడి చూసిన వెర్నా కేక హాలంతా వినబడింది.

"స్టాష్‌కి ఎనిమిది వేల నాలుగు వందల పదహారు పిరోగీలా! ఒంటరి ముసలాడు, ఏం చేసుకుంటాడే?"

అప్పటికే బంగాళాదుంపల కోసం ఇద్దర్ని ట్రక్కిచ్చి తోలేసింది.

డొలొరెస్ కుర్చీ ఎక్కింది. "అయ్యా, అమ్మా! ఆ కాగితాలు పిరోగీలకి కాదు, ఓటుకి! ఓటు లేకపోయినా పిరోగీలు దొరుకుతాయి. వద్దనుకుంటే చించేయండి."

అందరూ చేతుల్లోని కాగితాలు తిరగేసి చూసుకున్నారు. డొలొరెస్‌కు ఉల్లిపాయల బస్తాలు కళ్ళ ముందు కనిపించాయి. చివరికి స్టాష్ కళ్ళజోడు సవరించుకున్నాడు.

"చెయ్యి నొప్పెట్టేలా రాసి, ఇప్పుడు చించమంటావేంటమ్మా? ఆ పార్టీ ఒక్కటే కదా, కొట్టేసి మళ్ళీ రాస్తా. పెన్నిలా ఇయ్యి."

అంతే, పెన్నుల కోసం తోపులాట మొదలైంది. ఇదివరకే ఓటున్నవాళ్ళు తమ కాగితాలు వెనక్కి తీసుకున్నారు. మిగిలినవి డొలొరెస్ రెండుసార్లు లెక్కపెట్టింది. నలభై మూడు! ఆనందం పట్టలేక స్టాష్ చెయ్యి పట్టుకుని అక్కడే గిర్రున తిరిగింది.

అందరూ చూస్తుండగా వెర్నా చేతులు తుడుచుకుని బల్ల ముందు కూర్చుంది.

"మాటిచ్చా, తప్పుతానా?"

అన్నీ నింపింది, సంతకం పెట్టింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. డొలొరెస్ వదినను వాటేసుకుని కాగితం అందుకుంది.

పార్టీ గడిలో 'పిలిస్తే వస్తాను' అని రాసి ఉంది.