పొట్టేలు సమ్మతి

అచ్చంపేట దగ్గరి రాళ్లచెల్క గ్రామంలో చిరుతపులి గొర్రెలను ఎత్తుకుపోతున్నందున, సదరు సమస్యను సమూలంగా పరిష్కరించే నిమిత్తం ఊరి పెద్దలు దక్షిణాఫ్రికా దేశానికి విహారయాత్ర వెళ్లుటకు నిర్ణయించడమైనదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. చిరుతను వెంట తీసుకుపోవడం లేదు. అది ఊళ్లోనే ఉంటుంది. ‘విహారయాత్ర’ అన్న మాట పొరపాటున పడింది, ‘అధ్యయన యాత్ర’ అని చదువుకోగలరు.

ఇందులో నవ్వవలసినదేమీ లేదు. గొర్రెలు కాసే గోపమ్మ దొడ్డి ఊరి చివర, నల్లమల మొదలయ్యే చోట ఉంటుంది. చుట్టూ తుమ్మకంప దడి. ఆ దడి మనుషులకు గుచ్చుకుంటుంది గానీ చిరుతకు గుచ్చుకోదు, అది పైనుంచి దూకి వస్తుంది. అట్లా వచ్చి మొదట ఒక గొర్రెను, తర్వాత ఇంకో గొర్రెను, ఆ తర్వాత మందలో ఉన్న రెండు పొట్టేళ్లలో ఒకదాన్ని పట్టుకుపోయింది. మిగిలింది నల్లమొహం పొట్టేలు. గోపమ్మ దాన్ని నల్లోడు అని పిలుస్తుంది. భర్త పోయినప్పటి నుంచి ఆమెకు మంద ఆధారం, మందకు నల్లోడు ఆధారం. అందుకని ఆమె గొర్రెల రక్షణ సంఘం అధ్యక్షుడు విజేందర్ ఇంటికి వెళ్లి అరుగు కింద నిలబడింది.

“సార్, దొడ్డి సుట్టు జర ఇనుప జాలి గొట్టియ్యుండ్రి. నల్లోడు గూడ పోయిండంటె నా మంద పోయినట్టే. పొట్టేలు లేని మందల పిల్లలేడికెల్లి వస్తయి?” అన్నది.

విజేందర్ ఎన్నడూ గొర్రెలు కాసినవాడు కాదు. అయినా వాటితో ఆయనకున్న అనుబంధం విడదీయరానిది. ఏ ఆదివారమైనా ఆయన వాకిట్లో నిలబడి గాలి పీల్చినవారు ఈ మాట కాదనరు. గోపమ్మ చెప్పింది విని ఆయన కళ్లు చెమర్చాయి. అంత పెద్ద సమస్యకు జాలి కొట్టించడం వంటి చిన్న పరిష్కారం చెప్పి ఆమెను అవమానించలేక, వెంటనే ఒక కమిటీ వేశాడు.

కమిటీ మొదటి సమావేశంలోనే ఒక సత్యం బయటపడింది. సింహాన్ని చూడనివాడు చిరుతను ఆపలేడు. సింహాలు ఎక్కడున్నాయని వెతకగా, ఫోన్‌లో ఒక వీడియో దొరికింది. ఆ దేశంలో సింహాలు రోడ్డు మీదే పడుకుంటాయి, కార్లు వాటికి దారి ఇస్తాయి. అదే వీడియో చివర్లో సముద్రతీరం, ఇంకా చివర్లో కొండవాలున ద్రాక్షతోటలు, తోటలో తెల్లగుడ్డ పరిచిన బల్ల, బల్ల మీద గ్లాసులు కనిపించాయి. గ్లాసులు కనిపించిన తర్వాత దేశం విషయంలో భిన్నాభిప్రాయం రాలేదు.

సముద్రతీరానికీ గొర్రెలకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. కమిటీ సభ్యుడు, రిటైర్డ్ పంతులు భిక్షం దానికి అప్పుడే సమాధానం చెప్పి ఉన్నారు. మన ప్రాంతానికి సముద్రం లేదు. లేనిదాని గురించి తెలుసుకోకపోతే ఉన్నదాని విలువ తెలియదు. పైగా ఆ తీరంలో పెంగ్విన్లనే పక్షులు ఉన్నాయట. రెక్కలుండీ ఎగరవు, గుంపుగా నడుస్తాయి, చేపల వేళకు అన్నీ ఒక్కచోట చేరతాయి. వాటి నుంచి సంఘాలు నేర్చుకోవలసింది చాలా ఉందని భిక్షం సార్ సెలవిచ్చారు. ఆయన ఎవరినీ ఉద్దేశించి అనలేదు.

ద్రాక్షతోటల అధ్యయనాన్ని కల్లు సంఘం పెద్ద మల్లేశ్‌కు అప్పగించారు. మల్లేశ్ నిబద్ధత గల మనిషి. ఆ దేశంలో ద్రాక్షసారాను గ్లాసులో తిప్పి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేస్తారని తెలుసుకుని, తోటి సభ్యులు పరాయి దేశంలో పరువు తీయకూడదని కల్లు కాంపౌండులో శిక్షణ తరగతులు పెట్టాడు. తిప్పడం అందరికీ వచ్చింది. నురగ మూతికంటినా వాసన చూడడం కూడా వచ్చింది. ఉమ్మేయడం దగ్గర మాత్రం ఎన్నిసార్లు ప్రయత్నించినా ఒక్క సభ్యుడూ ఉత్తీర్ణుడు కాలేదు. ఆ మిగిలిన పాఠాన్ని దక్షిణాఫ్రికాలోనే పూర్తి చేయాలని తీర్మానించి, పట్టుదల సడలకుండా తరగతులను సాయంత్రాలకు కూడా పొడిగించారు.

వన్యప్రాణులను చూసే శిక్షణకు విజేందర్ తన పాత జీపుకు పైకప్పు తీయించాడు. సఫారీ నియమాలు కఠినమైనవి. జీపు దిగరాదు, మాట్లాడరాదు, ప్రకృతి చేసే పనిలో జోక్యం చేసుకోరాదు. ఈ నియమాలను గుండెల మీద కార్డులుగా తగిలించుకుని, టోపీలు పెట్టుకుని కమిటీ ఒక పొద్దుగూకే వేళ అడవి అంచున తిరుగుతుండగా, అదృష్టం కొద్దీ చిరుత కనిపించింది. అది గోపమ్మ మందలోని గొర్రెను మెడ పట్టి ఈడ్చుకుపోతోంది. గోపమ్మ కర్ర పట్టుకుని కేకలు వేస్తూ దాని వెంట పడింది. జీపును చూసి, హారన్ కొట్టండి సార్, హారన్ కొడితే వదిలేస్తుంది అని బతిమాలింది. కమిటీ మాట్లాడలేదు, దిగలేదు, జోక్యం చేసుకోలేదు. నియమాలు అంత చక్కగా పాటించినందుకు తర్వాత ఒకరినొకరు అభినందించుకున్నారు. ఫొటోలు కూడా బాగా వచ్చాయి, ఒక్క గోపమ్మ అడ్డం వచ్చిన ఫొటో తప్ప.

ఇక ఖర్చు ఎక్కడిదని మాత్రం అడగకండి. దొడ్లకు ఇనుప జాలి కోసం ఉంచిన సొమ్మేదో ఉందని ఊళ్లో అంటారు. జాలి గురించి తెలుసుకోవడానికి పోతున్నప్పుడు జాలిది వాడుకోవడంలో తప్పేముంది? ఇంత సూటి లెక్క మన ప్రాంతంలో అరుదు.

ప్రయాణం దగ్గరపడింది. మన వైపు దూరం పోయేవారు అడవి మైసమ్మకు యాటను కోసి, నలుగురికీ దావత్ ఇచ్చి పోవడం ఆనవాయితీ. సముద్రాలు దాటేవారు ఇంకా మంచి యాటను ఇవ్వాలి. కావలసింది మచ్చలేని పొట్టేలు. ఊరి పొట్టేళ్లన్నీ సన్నాహక సమావేశాల్లో తమ వంతు సేవ చేసి తరించాయి. మిగిలింది నల్లోడే.

కబురు తెలిసి గోపమ్మ మళ్లీ అరుగు కింద నిలబడింది. ఇవ్వనన్నది. విజేందర్ కోపగించుకోలేదు. “గోపమ్మా, మేం ఎవ్వని కోసం పోతున్నం? నల్లోని కోసమే గద. గంత దూరం వాని కోసం పోతుంటె వాడు గీ మాత్రం చెయ్యద్దా?” అని నెమ్మదిగా అడిగాడు. ఆ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. పైగా అమ్మవారికి లేదంటావా అని పక్కనున్నవారు అందుకున్నారు. అమ్మవారి పేరు వచ్చాక గోపమ్మ ఒక్క షరతు మాత్రం పెట్టింది.

“సరే సార్, తోలుకొస్త. వాడు ఒళ్లు ఇదిలిస్తే కోసుకోండ్రి. ఇదిలియ్యకుంటె ఇంటికి తోలుకపోత.”

పద్ధతి తెలియనివారి కోసం చెబుతున్నాను. అమ్మవారి ముందు యాట మీద పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు, యాటా ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా కత్తి లేవదు. మనుషుల విషయంలో మనం ఇంత పట్టింపు పెట్టుకోలేదు గానీ, పొట్టేలును అడగకుండా కోసే అనాగరికులం మాత్రం కాము. గోపమ్మ ఆశంతా ఆ ఒక్క పద్ధతి మీదే పెట్టుకుంది.

బయలుదేరే రోజు ఊరంతా మైసమ్మ దగ్గరే ఉంది. ఫ్లెక్సీలో పెద్దలందరూ సింహం పక్కన నిలబడి ఉన్నారు. విమానాశ్రయానికి పోయే బండ్లు పెట్టెలు కట్టుకుని సిద్ధంగా ఉన్నాయి. ఒక పక్క మసాలా నూరారు, గంజులో ఎసరు పెట్టారు. గోపమ్మ నల్లోణ్ని పట్టుకుని నిలబడింది. పసుపునీళ్లు చల్లారు. నల్లోడు కదల్లేదు.

మళ్లీ చల్లారు. మెడలో కట్టిన వేపమండను తలతిప్పి అందుకుని నమలడం మొదలుపెట్టాడు. బిందెతో పోశారు. ఎండాకాలం కావడంతో వాడికి హాయిగా ఉన్నట్టుంది, కళ్లు మూసుకున్నాడు. మల్లేశ్ ఐసుముక్కలు తెప్పించి వీపు మీద పెట్టించాడు. డప్పులు చెవి దగ్గర కొట్టించారు. ఒక సభ్యుడు పొట్టేలు ఎదుట నిలబడి, ఎట్లా విదిలించాలో తానే విదిలించి చూపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నల్లోడు ఆయన్ను కాసేపు చూసి మళ్లీ వేపాకు అందుకున్నాడు.

చివరికి భిక్షం సార్ మైకు తీసుకుని పొట్టేలును ఉద్దేశించి ప్రసంగించారు. “ఓ పొట్టేలా, నీ జాతి చరిత్రలో ఇది సువర్ణావకాశం. ఖండాంతరాల్లో నీ పేరు మారుమోగబోతున్నది. వ్యక్తిగత ప్రయోజనాలను పక్కకుపెట్టి, విశాల దృక్పథంతో ఆలోచించవలసిందిగా కోరుతున్నాను” అన్నారు. ఆయన ఎన్నో సభల్లో ఇదే ప్రసంగంతో ఎంతోమందిని ఒప్పించినవారు. పొట్టేలుకు అంత చదువు లేదు.

కత్తి పట్టే జానీని విజేందర్ పక్కకు పిలిచి, ఇక కానిమ్మన్నాడు. జానీ తల అడ్డంగా ఊపాడు. “అది ఇదిలియ్యకుంటె నేను కత్తి పట్ట సార్. తాతల నాటి సంది గదే రివాజు” అన్నాడు.

గోపమ్మ మొహం అప్పుడు కాస్త తేటపడింది. తాడు సడలించి, నల్లోణ్ని ఇంటి దారి వైపు తిప్పింది కూడా. అక్కడ బండ్ల డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు, ఇక్కడ ఎసరు మరుగుతోంది. ఆ సంకట స్థితిలో విజేందర్ చూపిన సమయస్ఫూర్తిని ఎంత పొగిడినా తక్కువే. ఆయన మైకు అందుకుని, ఇది ప్రజాస్వామ్యం కనుక ప్రజలే తేల్చాలని ప్రకటించి, అప్పటికప్పుడు సభ చేసి తీర్మానం చదివాడు: ‘సదరు పొట్టేలు ఒళ్లు విదిలించినదని ఈ సభ భావిస్తున్నది. అవునన్నవారు చేతులు ఎత్తవలెను.’

సరిగ్గా అప్పుడే ఉల్లిగడ్డ నూనెలో పడింది. వాసన సభ మీదుగా వీచింది. చేతులు లేచాయి. ముందు కమిటీవి, తర్వాత యువజన సంఘానివి, తర్వాత మహిళలవి, తర్వాత గుడి అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లవి. వెనకనున్నవారు సరిగా కనిపించదేమోనని రెండు చేతులూ ఎత్తారు. చిరుత తమ గొర్రెలనూ ఎత్తుకుపోయిందని గోపమ్మ వెంట తిరిగి మొరపెట్టుకున్నవాళ్లు కూడా ఎత్తారు. కాదన్నవారు ఎత్తమన్నప్పుడు ఒక్క చేయీ లేవలేదు. గోపమ్మ రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి.

“వాడు ఇంక ఇదిలియ్యలే సార్. అందరు సూసిండ్రు” అన్నది ఆమె.

నిజమే, అందరూ చూశారు. చూసినవాళ్లలో ఎవరూ చేయి దించలేదు. గోపమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది, పొట్టేలు మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగానే ఏడ్చింది. అది ఎజెండాలో లేని విషయం కనుక సభ దాన్ని పరిగణనలోకి తీసుకోలేదు. తీర్మానం ఏకగ్రీవమైంది. జానీ దాని నకలు ఒకటి అడిగి, మడిచి జేబులో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా కత్తి తీసుకున్నాడు.

కూర అద్భుతంగా కుదిరిందని అందరూ ఒప్పుకున్నారు. పెద్దలు చేతులు కడుక్కుని బండ్లెక్కారు. పోయి సింహాలను చూశారు, సముద్రంలో కాళ్లు తడుపుకున్నారు, ద్రాక్షతోటలో ఎవరూ ఉమ్మలేదు. తిరిగి వచ్చి నివేదిక ఇచ్చారు. ఆ దేశంలో గొర్రెల దొడ్ల చుట్టూ ఇనుప జాలి ఉందట. అది ఎట్లాంటి జాలి అన్నది తెలుసుకోవడానికి ఇంకొకసారి వెళ్లవలసి ఉంటుందట.

ఈలోగా గోపమ్మ మందలో ఈతలు ఆగిపోయాయి. ఉన్న గొర్రెలను ఒకటొకటిగా సంతకు తోలి, ఆమె సిమెంటు పనికి మేళ్లచెరువు పోయింది. దొడ్డి ఖాళీ కావడంతో చిరుత అటు రావడం మానేసింది. మనిషికీ మృగానికీ మధ్య సంఘర్షణను రాళ్లచెల్కలో పూర్తిగా నివారించినందుకు విజేందర్‌కు మొన్న శాలువా కప్పారు.

ఇది చదువుతుంటే మీకు ఆ ఊరివాళ్ల మీద కోపం వస్తున్నదని తెలుసు. రావలసిందే, మీరు న్యాయం తెలిసినవారు. ఆ రోజు చేయి ఎత్తనివాళ్లలో గోపమ్మ తర్వాత మీరే ఉన్నారు. ఆమె చేతుల్లో తాడు ఉంది. మిమ్మల్ని దావత్‌కు పిలవలేదు.